పాత కంప్యూటర్‌కు నిద్ర కుదరకపోతే

పని మధ్యలో లేచి వెళ్లేటప్పుడు కంప్యూటర్‌ను పూర్తిగా ఆపకుండా ‘స్లీప్’లో ఉంచడం ఇళ్లలో మామూలే. తిరిగి వచ్చి మీట నొక్కితే, వదిలిన చోటి నుంచే పని కొనసాగుతుంది. ఏళ్లు గడిచిన యంత్రాల్లో ఈ సౌకర్యమే చికాకుగా మారుతుంది. కొన్ని నిద్రలోకి జారవు. కొన్ని అర్ధరాత్రి వాటంతట అవే మేల్కొంటాయి. మరికొన్నింటిలో ఫ్యాన్ తిరుగుతున్నా తెర మాత్రం వెలగదు. యంత్రం పని అయిపోయిందనుకుని కొత్తది కొనే ముందు, లోపం అమరికల్లో ఉందేమో చూసుకోవడం మేలు.

స్లీప్‌లో ఉన్న కంప్యూటర్ ఆగిపోయినట్టు కాదు. ప్రాసెసర్, డిస్క్, తెర విశ్రమించినా ర్యామ్‌కు మాత్రం కొద్దిపాటి విద్యుత్తు అందుతూనే ఉంటుంది. చేస్తున్న పని అంతా ఆ ర్యామ్‌లోనే నిలిచి ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ అండగా ఉంటుంది గాని, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు ఆ ఆధారం లేదు. కరెంటు ఒక్క క్షణం పోయినా సేవ్ చేయని ఉత్తరం, సగం నింపిన దరఖాస్తు చెరిగిపోతాయి. ‘హైబర్నేట్’ పద్ధతి వేరు. అది ర్యామ్‌లోని సమాచారాన్ని డిస్క్‌పై రాసి, ఆ తర్వాతే యంత్రాన్ని ఆపుతుంది. మేల్కొనడానికి కొంత ఆలస్యమైనా, డిస్క్‌పై కొన్ని గిగాబైట్ల చోటు పట్టినా, కరెంటు కోతలున్న చోట ఇదే నమ్మదగినది. ఈ రెండింటినీ కలిపిన ‘హైబ్రిడ్ స్లీప్’ అనేక డెస్క్‌టాప్‌లలో ఉంటుంది. పవర్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ అమరికల్లో అది ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది.

దానంతట అదే మేల్కొనే యంత్రం విషయంలో తొలి అనుమానం మౌస్ మీదనే. బల్ల కదిలి మౌస్ ఇసుమంత జరిగినా చాలు. డివైస్ మేనేజర్‌లో మౌస్ పేరుపై రెండుసార్లు క్లిక్ చేసి, ‘పవర్ మేనేజ్‌మెంట్’ విభాగంలో కంప్యూటర్‌ను లేపే అనుమతికి ఉన్న టిక్కును తీసివేయవచ్చు. కీబోర్డుకు ఆ అనుమతి ఉంచుకోవడం ఉపయోగకరం. నెట్‌వర్క్ కార్డు కూడా ఇలాగే లేపుతుంది. విండోస్ అప్‌డేట్ల కోసం పెట్టుకునే ‘వేక్ టైమర్లు’ మరో కారణం. చివరిసారి లేపినదేదో ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ విభాగంలో, ‘పవర్ ట్రబుల్‌షూటర్’ పేరుతో చాలాసార్లు నమోదై ఉంటుంది.

అసలు నిద్రపోని యంత్రాన్ని ఏదో ఒక ప్రోగ్రామ్ మెలకువగా ఉంచుతుండవచ్చు. ఆడుతూనే ఉన్న వీడియో అందుకు చాలు.

స్లీప్ అనే ఎంపికే మెనూలో కనబడకపోతే దృష్టి గ్రాఫిక్స్ డ్రైవర్‌పై పెట్టాలి. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక తయారీదారు డ్రైవర్ ఎక్కక, మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్‌తో నడుస్తున్న యంత్రాల్లో ఇది తరచు జరుగుతుంది. సరైన డ్రైవర్ వేస్తే ఎంపిక తిరిగి వస్తుంది. నిద్రలోనూ ఫ్యాన్ తిరుగుతుంటే బయోస్‌లో స్లీప్ రకం ‘ఎస్1’గా ఉండవచ్చు. పాత బోర్డులలో దానిని ‘ఎస్3’కి మార్చుకునే వీలుంటుంది. మార్చిన అమరిక మళ్లీ మొదటికి వస్తూ, గడియారం కూడా వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఎక్కువ బోర్డులలో ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల రకం, చవకైనది. గోడ నుంచి ప్లగ్ తీసిన తర్వాతే దానిని మార్చాలి.

మేల్కొన్నా తెర నల్లగానే ఉంటే పవర్ బటన్‌ను పట్టుకుని నొక్కి ఉంచడం తొందరపాటే. అలా చేస్తే సేవ్ చేయని పని పోతుంది. ముందుగా కీబోర్డుపై నమ్ లాక్ నొక్కి చూడాలి. దీపం వెలిగి ఆరుతుంటే యంత్రం లేచినట్టే, చిక్కు తెరతోనే. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ పునఃప్రారంభమై బొమ్మ తిరిగి రావచ్చు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు మారలేని పాత యంత్రాలకు కొత్త డ్రైవర్లు వస్తాయన్న ఆశ తక్కువ. స్లీప్ ఎంతకీ కుదరని చోట హైబర్నేట్‌నే వాడుకోవచ్చు. ముందుగా ముఖ్యమైన ఫైళ్లన్నీ సేవ్ చేసి, ఒక ఖాళీ పత్రంలో రెండు మాటలు రాసి హైబర్నేట్ చేయాలి. దీపాలన్నీ ఆరాక గోడ స్విచ్ ఆపి, మళ్లీ వేసి, కంప్యూటర్‌ను ఆన్ చేయాలి. ఆ రెండు మాటలు తెరపై కనిపిస్తే కరెంటు పోయినా పని నిలుస్తుందన్నమాట.