నుమాయిష్‌కు వెళ్తున్నారా? ఏ రోజు వెళ్లాలి, ఎప్పుడు కొనాలి.. ఇవి తెలుసుకోండి

జనవరి 1 వచ్చిందంటే చాలు.. హైదరాబాదీల చూపు నాంపల్లి వైపే. చలి సాయంత్రం, జెయింట్ వీల్ లైట్లు, వేడివేడి మిర్చి బజ్జీ.. ఆ సందడే వేరు. ఫిబ్రవరి 15 వరకు, అంటే నెలన్నర పాటు సాగే మేళా ఇది. అయినా చాలామంది జనంలో తోసుకుంటూ ఒక రౌండ్ కొట్టి, కాళ్ల నొప్పులతో తిరిగొచ్చేస్తారు. తప్పు నుమాయిష్‌ది కాదు.. వెళ్లిన రోజుది.

సంక్రాంతి సెలవులు, శని, ఆదివారాల్లో కాలు పెట్టే చోటుండదు. మంగళ, బుధవారాల్లో సాయంత్రం గేట్లు తెరిచిన వెంటనే వెళ్తే తీరిగ్గా చూడొచ్చు. కారు మాత్రం ఇంట్లోనే ఉంచండి. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే గ్రౌండ్ పక్కనే.

ఇక షాపింగ్. మొదటి వారంలో చాలా స్టాళ్లు ఇంకా సర్దుకుంటూనే ఉంటాయి, తొందరపడొద్దు. కశ్మీరీ శాలువాలు, డ్రై ఫ్రూట్స్, లక్నో చికన్ కుర్తీలు.. ఏదైనా సరే మొదటి షాపులోనే కొనేయకండి. నాలుగు చోట్ల అడిగి, చెప్పిన రేటులో సగం నుంచి బేరం మొదలుపెట్టండి. చివరి వారంలో రేట్లు దిగుతాయి. సరుకు వెనక్కి మోసుకెళ్లడం వాళ్లకూ భారమే కదా! కాకపోతే మంచి రంగులు, సైజులు అప్పటికి అయిపోతాయి. చలికి స్వెటర్ కావాలంటే జనవరి మధ్యలోనే కొనుక్కోవడం మేలు.

అసలు ఇది మొదలైంది 1938లో. ఉస్మానియా పట్టభద్రులు స్థానిక వస్తువులను జనానికి చూపించాలనుకున్నారు. పబ్లిక్ గార్డెన్స్‌లో పెట్టిన ఆ ప్రదర్శనను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. చోటు చాలక 1946లో నాంపల్లికి మారింది. ఇప్పుడు నిర్వహించేది ఎగ్జిబిషన్ సొసైటీ. ఇక్కడొచ్చే ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతోంది. వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలోవే. అంటే మీ టికెట్ డబ్బుల్లో కొంత ఓ అమ్మాయి చదువుకూ వెళ్తోందన్నమాట.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. 2019 జనవరి 30 రాత్రి ఇక్కడ మంటలు చెలరేగి వందల స్టాళ్లు కాలిపోయాయి. అదృష్టం కొద్దీ ప్రాణాలు పోలేదు కానీ, దారి తెలియక జనం పరుగులు తీశారు. అందుకే లోపలికి వెళ్లగానే గాంధీభవన్, అజంతా, గోషామహల్ గేట్లు ఏ వైపున్నాయో చూసిపెట్టుకోండి. పిల్లల జేబులో ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో వినిపించడం ఇక్కడ మామూలే. రద్దీలో సిగ్నల్ అందకపోవచ్చు.. కాబట్టి విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. జెయింట్ వీల్ దగ్గరైతే ఎవరికైనా దూరం నుంచే కనిపిస్తుంది.