‘ఎరుడైట్’ అన్న విశేషణం

హిందీ వ్యాసమొకటి తెనిగిస్తూ ఒకసారి చిక్కులో పడ్డాను. మూలంలో ఒక పరిశోధకుని ప్రసంగాన్ని ‘విద్వత్తాపూర్ణ’మని మెచ్చుకున్నారు. నేను ‘పాండిత్య ప్రకర్షతో నిండిన ప్రసంగం’ అని వ్రాశాను. అచ్చుకు ముందు చదివిన పెద్దలొకరు, “పాపం, ఆయనను ఎందుకు ఎత్తిపొడిచారు?” అని అడిగారు. మూలంలోని ప్రశంస నా వాక్యంలో ఆక్షేపణగా మారిపోయింది. ఆ హిందీ మాటకు సరితూగే ఆంగ్ల విశేషణం ‘ఎరుడైట్’ను పరిశీలించిన తరువాతనే పొరపాటు ఎక్కడున్నదో తెలిసింది.

ఈ మాటకు పుట్టిల్లు లాటిన్. ఆ భాషలో ‘రుడిస్’ అంటే మలచనిది, మొరటుది. ఆంగ్లంలోని ‘రూడ్’ కూడా దాని సంతతే. మొదటనున్న ‘ఎ’ వెలికి అన్న అర్థాన్నిచ్చే ఉపసర్గ. మొరటుతనం నుండి వెలికి తీయబడినవాడు ఎరుడైట్ అన్నమాట. మన ‘సంస్కారం’ అన్న భావనకు ఇది దగ్గర చుట్టం. వాడుకలో మాత్రం ఈ అర్థం కుదించుకొని, విస్తృత గ్రంథపఠనం వల్ల లభించిన లోతైన జ్ఞానానికే పరిమితమైంది. చేయి తిరిగిన శస్త్రవైద్యుణ్ణి కేవలం ఆ నైపుణ్యం చేత ఎరుడైట్ అనరు. మనిషికే కాక గ్రంథానికీ, ప్రసంగానికీ ఈ విశేషణం చెల్లుతుంది.

పట్టాలతో దీనికి నిమిత్తం లేదు. రాహుల్ సాంకృత్యాయన్‌నే చూడండి. 1893లో జన్మించిన ఆయనకు పాఠశాల చదువు స్వల్పమే. అయినా టిబెట్టుకు పలుమార్లు వెళ్లి, ధర్మకీర్తి ‘ప్రమాణవార్తికం’ వంటి సంస్కృత బౌద్ధ గ్రంథాల ప్రతులను వెలికి తెచ్చారు. 1958లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఆయన ‘మధ్య ఏషియా కా ఇతిహాస్’ నిస్సంశయంగా ఎరుడైట్ గ్రంథం. ‘వోల్గా సే గంగా’ కథలకు మాత్రం ఆ విశేషణం అంత సులువుగా అతకదు. అక్కడ పాండిత్యం కథ వెనుక దాగి ఉన్నది.

మరి తెలుగులో ఏమనాలి? ‘పండితుడు’ అంటే మనకు బడిలో భాష బోధించే ఉపాధ్యాయుడు కూడా. ఉత్తరాదిన అది హిందుస్తానీ గాయకుని బిరుదు. అదే మాట నుండి పుట్టిన ‘పండితావూ’ హిందీలో తెగడిక. ‘విద్వాంసుడు’ అనగానే మనకు కచేరీ స్ఫురిస్తుంది. ‘బహుశ్రుతుడు’ చాలా దగ్గరగా వస్తుంది. కాని, అది చెవి ద్వారా వచ్చిన జ్ఞానం. ఎరుడైట్‌ది పుటలు తిరగవేసిన జ్ఞానం.

చివరకు ‘విస్తృత గ్రంథపరిశీలనతో కూడిన ప్రసంగం’ అని దిద్దాను. వాక్యం కొంత బరువెక్కింది. ఆ పెద్దలు ఈసారి ఏమీ అనలేదు.