మీకు తెలుసా? వాచీ అంచు చక్రం చెప్పే ఊపిరి లెక్క

డైవర్ వాచీ అంచున తిరిగే చక్రం సోకు కోసం కాదు. మునిగే ముందు దాని త్రికోణం గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడతారు. నీళ్లలో ఎంతసేపున్నారో ముల్లే చెబుతుంది. ఇప్పటి వాచీల్లో ఆ చక్రం ఒకవైపే తిరుగుతుంది. పొరపాటున కదిలినా గడిచిన సమయం ఎక్కువే చూపుతుంది, ప్రాణం కాపాడేది అదే!

1953లో వచ్చిన బ్లాంక్‌పాన్ డైవర్ వాచీ ‘ఫిఫ్టీ ఫాథమ్స్’ పేరులోని 50 ఫాథమ్‌లంటే 300 అడుగుల లోతు. పిట్లానికి దగ్గర్లోని మన నిజాంసాగర్ జలాశయం నిండుకుండలా ఉన్నా అంత లోతుండదు.

1970లలో బ్రిటిష్ సైన్యం కోసం రోలెక్స్ చేసిన ‘మిల్‌సబ్’ మరీ అరుదు. కత్తి ఆకారం ముళ్లు, డయల్ మీద సున్నాలో ‘టి’ అక్షరం (చీకట్లో వెలిగే ట్రిటియంకు గుర్తు), పట్టీ ఊడిపోకుండా కేసుకే బిగించేసిన కడ్డీలు. వేలంలో కోటి రూపాయలు దాటినవి ఉన్నాయి.

ఆ రూపాన్నే తీసుకుని, సొంత పేరుతో వచ్చేవే హోమేజ్ వాచీలు. ఇంకొకరి పేరు వేసుకుంటే అది నకిలీ. చవక రకాల్లో చాలావాటి లోపల సీకో ఎన్‌హెచ్35 యంత్రం ఉంటుంది: 24 జువెల్స్ (రాపిడి తగ్గించే చిన్న రాళ్లు), బ్యాటరీ అక్కర్లేదు. మంజీర నదిలో దిగేముందు మాత్రం కీ మరను గట్టిగా బిగించండి.