పాత రాగి డబ్బు వంకరగా ఎందుకుంది?

పందొమ్మిదో శతాబ్దంలో మేడ్చల్, శామీర్‌పేట నిజాం రాజ్యంలోని ఊళ్లు. అక్కడి చిల్లర, డబ్బు అనే రాగి నాణెం. మ్యూజియంలో చూస్తే మందంగా, వంకరగా ఉంటుంది. రాతలో సగమే కనిపిస్తుంది. పనివాళ్లకు చేతకాకనా? అదే కాలపు వెండి రూపాయి గుండ్రంగానే ఉందిగా! అసలు సంగతి ఖర్చు. నరికిన రాగి ముక్కను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. ముక్క చిన్నది, అచ్చు పెద్దది; అందుకే సగం అక్షరాలు బయటే ఉండిపోయాయి. అంత తక్కువ విలువ నాణేనికి నగిషీలు దండగ.

మరి ఇలాంటి ముక్కను జనం ఎలా నమ్మారు? అందులోని రాగికే విలువ ఉంది కాబట్టి. చిక్కల్లా మారకంలో వచ్చేది. హైదరాబాదులోనే కాక నారాయణపేట, గద్వాల వంటి చోట్ల కూడా టంకశాలలు, అంటే నాణేలు కొట్టే చోట్లు, ఉండేవి కాబట్టి రకరకాల నాణేలు తిరిగేవి. రూపాయికి ఎన్ని డబ్బులన్నది ఊరినిబట్టి, కాలాన్నిబట్టి మారేది. నాణేలు మార్చే సరాఫు ప్రతిసారీ వట్టం (తరుగు) పట్టుకునేవాడు. రకరకాల నాణేలుంటే జనానికి స్వేచ్ఛే కదా అనవచ్చు. కానీ రాగిలో సంపాదించి వెండిలో చెల్లించాల్సినవాడికి ప్రతి మారకమూ నష్టమే. 1853లో నిజాం దివాన్ (ప్రధానమంత్రి) అయిన మొదటి సాలార్‌జంగ్ అందుకే టంకశాలల పనిని హైదరాబాదుకు చేర్చి, హాలీ సిక్కా అనే ఒకే రూపాయిని నిలబెట్టాడు. ముందు వెండి నాణెం బాగుపడింది, తర్వాతే రాగిది: పెద్ద లెక్కలు రూపాయిల్లో నడిచేవి మరి. హైదరాబాదులోని సైఫాబాద్ టంకశాల 1903లో వచ్చింది. యంత్రం కొట్టిన గుండ్రని రాగి పైసలు ఊళ్లలో విరివిగా తిరిగింది ఆ తర్వాతే.