ఇన్-ఇయర్ మానిటర్స్ కొంటున్నారా? రేటు కాదు.. ముందు ఫిట్టింగ్ చూడండి!

కృష్ణానగర్ అనగానే సినిమా చాన్సుల కోసం వచ్చిన నటులే గుర్తొస్తారు. కానీ ఇక్కడి గదుల్లో సింగర్లు, కీబోర్డు ప్లేయర్లు, డ్రమ్మర్లు కూడా ఉంటారు. రాత్రి పెళ్లి సంగీత్‌లోనో, గణేశ్ మండపం దగ్గరో ప్రోగ్రాం.. పగలు అవే చెవులతో ప్రాక్టీసు, ఖాళీ దొరికితే ఫోన్‌లో రీల్స్. మరి అన్నిటికీ ఒకే ఇన్-ఇయర్ మానిటర్ సరిపోతుందా? కొనేముందు ఏం చూడాలి?

అసలు ఇవెందుకు?

స్టేజీ మీద డ్రమ్స్ మోతలో సింగర్‌కు తన గొంతు తనకే వినపడదు. ఎదురుగా ఉన్న స్పీకర్ సౌండ్ పెంచమంటారు. కీబోర్డు ప్లేయర్ కూడా అదే అడుగుతారు. అలా పెంచుకుంటూ పోతే దెబ్బతినేది చెవులే. 1995లో సౌండ్ ఇంజినీర్ జెర్రీ హార్వీ.. రాక్ బ్యాండ్ డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం ప్రత్యేకంగా ఇన్-ఇయర్ మానిటర్లు తయారు చేశారు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలాగే మొదలైంది.

ఫిట్టింగే ముఖ్యం

వీటి అసలు పని బయటి శబ్దాన్ని ఆపడం. అప్పుడే తక్కువ సౌండ్‌లోనూ అంతా స్పష్టంగా వినిపిస్తుంది. చెవికి, టిప్‌కి మధ్య సందు ఉంటే బేస్ పోతుంది, మనం వాల్యూమ్ పెంచేస్తాం. ఖరీదైనది కొన్నా అంతే. అందుకే సిలికాన్ టిప్స్ మూడు సైజులూ పెట్టి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు. ఫోమ్ టిప్ అయితే వేళ్లతో నలిపి, చెవిని పైకి లాగి పెట్టుకుని, అది ఉబ్బే వరకు పట్టుకోవాలి. ఒకరి టిప్స్ ఇంకొకరు వాడొద్దు.

స్టేజీకి బ్లూటూత్ వద్దు

బ్లూటూత్ బడ్స్‌లో సౌండ్ 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా రావడం మామూలే. 100 మిల్లీసెకన్లంటే 34 మీటర్ల దూరంలోని స్పీకర్ వింటూ పాడినట్టు. ఇక తాళం ఎలా నిలుస్తుంది? వీడియోలు చూసేటప్పుడు ఫోన్ ఈ తేడాను సర్దేస్తుంది కాబట్టి మనకు తెలియదు. రెండు పనులకూ ఒకటే కావాలంటే వైర్ ఉన్నదే తీసుకోండి. నడుముకు పెట్టుకునే బెల్ట్‌ప్యాక్‌కూ, టైప్-సీ కన్వర్టర్‌తో ఫోన్‌కూ పనికొస్తుంది. వైర్ ఊడదీసి మార్చుకునే మోడల్ అయితే మంచిది. ముందుగా పాడయ్యేది వైరే!

డ్రైవర్ల సంఖ్య చూసి మోసపోవద్దు

ఎక్కువ డ్రైవర్లుంటే గొప్ప సౌండ్ అనేది అపోహ. సింగర్‌కు గొంతు స్పష్టంగా, డ్రమ్మర్‌కు కిక్, బేస్ గట్టిగా వినపడాలి. మీకు బాగా తెలిసిన పాట పెట్టి విని తీసుకోండి.

ఒక చెవిది తీసేస్తున్నారా?

జనం కేకలు వినపడాలని చాలామంది ఒకవైపు తీసేస్తారు. అప్పుడు ఆ చెవికి రక్షణ పోతుంది. రెండో చెవిలో వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది. దానికి బదులు ప్రేక్షకుల వైపు ఒక మైక్ పెట్టి, ఆ సౌండ్‌ను కొద్దిగా కలపమని ఇంజినీర్‌ను అడగండి. మైక్ కిందపడినా ఒక్కసారిగా సౌండ్ పేలకుండా లిమిటర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. రోడ్డు మీద మాత్రం కథ వేరు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రెండు చెవులూ మూసుకుంటే హారన్ కూడా వినపడదు. నడిచేటప్పుడు తీసేయడమే మేలు.

ఎంత సౌండ్.. ఎంతసేపు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి చేరితే 4 గంటలే. 100 అయితే వారం మొత్తానికి 20 నిమిషాలే! ప్రోగ్రాంతో పాటు ఇంటికొచ్చి చూసే రీల్స్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

షో అయ్యాక చెవుల్లో గుయ్‌మంటోందా? ఆ రోజుకు చెవులకు రెస్ట్ ఇవ్వండి. మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం ఆగకుండా వెంటనే వెళ్లండి. పాడైన వైర్ మార్చుకోవచ్చు.. పోయిన వినికిడి మళ్లీ రాకపోవచ్చు.