ఓడలో గది ఏ పక్కన తీసుకోవాలి?

రైలు కొవ్వూరు దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కుతుంటే ఏ పక్క కిటికీలోంచి ఏం కనిపిస్తుందో మా పిన్నికి కంఠతా వచ్చు. అందుకే కొడుకు అలాస్కా ఓడ ప్రయాణానికి టికెట్లు తీస్తున్నాడనగానే నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, గది కుడి పక్కనా, ఎడమ పక్కనా? ఏది తీసుకోమంటావు?"

అడగాల్సిన ప్రశ్నే. బాల్కనీ ఉన్న గదికి అంత డబ్బు పోసి, కొండలు అవతలి పక్క వాళ్లకు వదిలేసి, రోజంతా నీళ్లు చూస్తూ కూచోవడం ఎవరికైనా బాధే.

ముందు పేర్లు తెలుసుకోవాలి. ఓడ వెళ్లే దిక్కుకు తిరిగి నిలబడితే ఎడమ చేతి పక్క పోర్ట్, కుడి చేతి పక్క స్టార్‌బోర్డ్. మనం ఎటు తిరిగినా ఈ పేర్లు మారవు. పూర్వం ఓడను తిప్పే పెద్ద తెడ్డు కుడి పక్కన ఉండేది కనుక అది స్టార్‌బోర్డ్, అంటే స్టీరింగ్ పక్క. ఆ తెడ్డు గట్టుకు తగిలి విరగకుండా ఎడమ పక్కను రేవుకు ఆనించేవారు. ఆ ఎడమ పక్కను మొదట లార్‌బోర్డ్ అనేవారు. గాలి హోరులో రెండు మాటలూ ఒకేలా వినపడితే ఓడకే ముప్పు. అందుకని 1844లో బ్రిటిష్ నౌకాదళం పోర్ట్ అనే మాటను ఖాయం చేసింది.

పిన్నిని పాలపద్దు పుస్తకం వెనక అట్ట మీద అలాస్కా తీరం గీయమన్నాను. కింద వాళ్లు ఓడ ఎక్కే వాంకూవర్, పైన ఎడమ మూల దిగే విట్టియర్. అగ్గిపెట్టెకు కుడి అంచున పెన్నుతో సున్నా చుట్టి, గీత వెంబడి పైకి జరపమన్నాను. "సున్నా నేల వైపే ఉందిరా" అంది. అదే స్టార్‌బోర్డ్. ఇప్పుడు పెట్టెను వెనక్కి తిప్పి కిందికి తీసుకురమ్మన్నాను. రెండు క్షణాలాగి, "అదేంటి, సున్నా సముద్రం వైపు పోయింది!" అంది.

విషయమంతా అక్కడే ఉంది. తీరం వెంబడి ఒకే దిక్కుకు వెళ్లే ప్రయాణమైతేనే పక్క చూసుకోవాలి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగేవాళ్లకు వెళ్లేటప్పుడు దక్కనిది తిరిగొచ్చేటప్పుడు చాలావరకు దక్కుతుంది. వాళ్లు పక్క కోసం ఒక్క డాలరు కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు.

వాంకూవర్ నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు కూడా మొదట్లో దీవుల మధ్య నుంచి దారి. రెండు పక్కలా అడవులు, కొండలు. ఆ దారి దాటి అలాస్కా సింధుశాఖలోకి వచ్చాకే తేడా తెలుస్తుంది. మబ్బు లేని రోజైతే 4,600 మీటర్లకు పైబడిన ఫెయిర్‌వెదర్ శిఖరం మంచుతో కుడి పక్కనే కనిపిస్తుంది. హిమానీనదాల కోసం మాత్రం పక్క గురించి బెంగ అక్కర్లేదు. గ్లేసియర్ బేలో మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగి, రెండు పక్కల వాళ్లకూ కనిపించేలా నెమ్మదిగా తిరుగుతుంది. ఆ కాసేపూ గదిలో కూచోకుండా పై డెక్ మీదికి వెళ్లాలి.

మన దగ్గర లెక్క వేరు. 2022 జూన్‌లో విశాఖకు కార్డీలియా సంస్థ ఓడ వచ్చింది. అక్కడి నుంచి పుదుచ్చేరి వైపు వెళ్తుంటే నేల కుడి పక్కనే, కానీ డెల్టా తీరం చదును. ఓడ కాస్త దూరం జరిగితే ఏమీ కనపడదు. ఇక్కడ చూసుకోవాల్సింది ఎండను. దక్షిణానికి వెళ్లే ఓడలో సూర్యోదయం ఎడమన, సూర్యాస్తమయం కుడిన. ముంబై నుంచి గోవా వెళ్లినా అంతే. సూర్యాస్తమయం చూడాలంటే మధ్యాహ్నపు ఎండ కూడా భరించాలి. మే నెలలో బెజవాడ ఎండ చూసినవాళ్లకు అది సరదా కాదు, నేనైతే ఎడమ పక్కే తీసుకుంటాను.

ఎండ లెక్క పాతదే. బ్రిటన్ నుంచి ఇండియాకు వచ్చేటప్పుడు పోర్ట్, తిరిగి వెళ్లేటప్పుడు స్టార్‌బోర్డ్ పక్క నీడగా ఉండేదని, 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనే నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలతోనే 'పాష్' అనే మాట పుట్టిందని ఒక కథ. నీడ మాట సబబే. అయితే ఆ అక్షరాలు అచ్చేసిన టికెట్ ఒక్కటీ దొరకలేదు, నిఘంటుకారులు ఆ వ్యుత్పత్తిని ఒప్పుకోరు.

పక్క కన్నా ముఖ్యమైనది ఒకటుంది. పిన్నికి ఘాట్ రోడ్డులో బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఓడ ఉయ్యాలబల్లలా ముందూ వెనకా లేస్తుంది, మధ్యలో ఊపు తక్కువ. పై అంతస్తుల్లో పక్కలకు ఊగడం ఎక్కువ. కుడైనా ఎడమైనా కుదుపులో తేడా లేదు. కాబట్టి ఓడ నడుమ, కింది అంతస్తుల్లో గది వెతకాలి. గది నంబర్లలో సరి బేసి బట్టి పక్క తెలుస్తుందంటారు గానీ, ఆ పద్ధతి అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. డెక్ ప్లాన్ తెరిచి, ఓడ ముందు భాగం ఎటుందో చూసుకుని, ఆ తర్వాతే గది ఎంచుకోవాలి.

తమ్ముడు స్టార్‌బోర్డ్ పక్క, నడిమధ్యలో గది తీశాడు. దాని పక్కదే ఇంకో గది చవకగా ఉంది. పిన్ని ప్లాన్‌లో వేలు పెట్టి, "దీని ముందు ఈ నారింజ రంగువేంటి?" అంది. లైఫ్‌బోట్లు. కిటికీకి సరిగ్గా అడ్డంగా.