మీకు తెలుసా? వాయిదా వేసే ఇంగ్లిష్ మాటల్లో ఏం దాగుందో!

* పనిని ఊరికే సాగదీయడాన్ని ఇంగ్లిష్‌లో ‘ప్రోక్రాస్టినేట్’ అంటారు. అందులోని ‘క్రాస్’ లాటిన్ మాట. అర్థం ‘రేపు’. మన ఊళ్లలో దెయ్యం భయంతో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులున్నాయి కదా. ఎప్పుడొచ్చి చదువుకున్నా రేపే కాబట్టి ఆమె గడప దాటదని నమ్మకం. ఈ క్రియ కిటుకూ అదే. పనిని ఎల్లుండికి నెట్టడానికీ ఒక మాట ఉంది: ‘పెరెండినేట్’. ఇప్పుడు దాన్ని దాదాపు ఎవరూ వాడరు. అంత చక్కని మాట మూలన పడినందుకు నాకు బాధే.

* ‘అడ్జర్న్’లో ఉన్నది ఫ్రెంచి ‘జూర్’, అంటే రోజు. మొదలైన సభనో విచారణనో ఆపి ఇంకో రోజుకు వేస్తే అడ్జర్న్. ఇంకా మొదలుకాని దాన్ని వెనక్కి జరిపితే పోస్ట్‌పోన్. తెలుగులో రెండింటికీ వాయిదా అంటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం ‘పెళ్లి అడ్జర్న్ అయింది’ అని రాస్తే పీటల మీద ఆగిపోయిందేమోనని చదివినవాళ్లు కంగారు పడతారు.

* వాయిదాకు వాడే ‘డిఫర్’, తేడాకు వాడే ‘డిఫర్’ ఒకే లాటిన్ క్రియకు పుట్టిన తోబుట్టువులు.

* అన్నిటికంటే చిక్కు మాట ‘టేబుల్’. బ్రిటన్‌లో ఒక అంశాన్ని టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో చేస్తే పక్కన పెట్టేయడం! 1941 డిసెంబరులో, యుద్ధం మధ్యలో, రెండు దేశాల సైనిక పెద్దలు వాషింగ్టన్‌లో సమావేశమయ్యారు. ఒక పత్రం చాలా అవసరమని, టేబుల్ చేద్దామని బ్రిటిష్‌వాళ్లు అన్నారు. అది ముఖ్యమైనదే, టేబుల్ చేయడానికి వీల్లేదని అమెరికన్లు పట్టుబట్టారు. చాలాసేపు గట్టిగా వాదించుకున్నాకగానీ ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని తేలలేదు. ఈ సంగతిని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాసుకున్నారు. మన పార్లమెంటుది బ్రిటిష్ దారి: ‘టేబుల్ చేశారు’ అంటే సభ ముందు ఉంచారనే.

* ముందుకు జరపడానికి మనవాళ్లు వాడే ‘ప్రీపోన్’ తప్పు ఇంగ్లిష్ అని వెక్కిరించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పోస్ట్‌పోన్ పక్కన అది ఎంత సహజంగా ఒదిగిందో చూడండి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా దానికి చోటిచ్చింది. మీటింగ్ పదకొండు నుంచి పదికి మారిందని హైదరాబాద్ ఆఫీసులో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. లండన్‌కు మెయిల్ రాసేటప్పుడు మాత్రం ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనండి, అక్కడ వాడుక అదే.